మాటను ఇంటి దగ్గర దిగబెట్టి వచ్చే మా జేజి

పోయిన నెల పులివెందులలో మా చెల్లెలు స్వర్ణ ఇంటికి సున్నాలు వేయిస్తున్నామంటే, చేతిసాయానికని ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కి పోయాను. చేతిసాయం అనేది మాటవరసకే. ఈ వయసులో నేను చేసేదల్లా కుర్చీలో కూర్చుని ఇది అక్కడ పెట్టు, అది ఇక్కడ పెట్టు అని పురమాయించి అందరినీ విసిగించడమే. అటక మీది సామాను దించుతుంటే ఇత్తడి గంగాళం వెనక నుంచి ఒక గొడుగు బయటపడింది. నల్లగుడ్డ ఎండకు కాలి మట్టిరంగుకు తిరిగింది. ఒకచోట తెల్లదారంతో అతుకు వేసి ఉంది. విప్పబోతే కమ్మీ ఒకటి విరిగి చేతిలోకి వచ్చింది. "ఎందుక్కా ఈ పాతది, పారేద్దాం" అంది స్వర్ణ. నేను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. దుమ్ము వాసన తప్ప ఏమీ లేదు. ఉంటుందని నేను ఆశపడ్డది నశ్యం వాసన. అది మా జేజి వాసన. ఆ పూట ఇక సున్నాల సంగతి నా తలకెక్కలేదు.

జేజి అంటే మా నాయన తల్లి, జ్ఞానమ్మ. మాది తాతముత్తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబం. నాయన జమ్మలమడుగులో మిషను బడి పంతులు. జేజి బైబిలమ్మ, అంటే చుట్టుపక్కల పల్లెలకు నడిచిపోయి, చదువురాని ఆడవాళ్ళ నడుమ కూర్చుని వాక్యం చదివి వినిపించడం ఆమె పని. పెద్దముడియం దాకా నల్లరేగడి దారుల్లో ఆ గొడుగు వేసుకుని పోయి వచ్చేది. వానాకాలంలో ఆమె ఇంటికి వచ్చేసరికి మోకాళ్ళ దాకా బంకమట్టి ఉండేది. దాన్ని పుల్లతో గీక్కుంటూ, ఆ రోజు ఎవరింట్లో కోడలికి నొప్పులు వచ్చాయో, ఎవరి ఎద్దుకు గాలికుంటు తగిలిందో మా అమ్మకు చెప్పేది. తెల్లవారుజామున ఆమె జొన్నరొట్టె తట్టే చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. రొట్టె మాడుతున్న వాసన, పచ్చిమిరపకాయలు కాలుతున్న ఘాటు, దానికి ఆమె తుమ్ములు తోడు. తుమ్ములు మిరపకాయలవల్లనేనని ఆమె అనేది. ఉప్పు ముంత వెనక నశ్యం డబ్బీ ఉందని ఇంట్లో అందరికీ తెలుసు, సంఘపెద్దలకూ తెలుసు. ఆ ఒక్క విషయంలో మాత్రం అందరమూ ఆమెతో కలిసి అబద్ధమాడేవాళ్ళం.

జేజికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ఒక పుకారు పట్టుకుని ఇంటికి వస్తే కాదనేది కాదు, అవుననేది కాదు. ముందు మజ్జిగ ఇచ్చేది. వాళ్ళు తాగడం అయ్యాక, "ఎవరు చెప్పినారమ్మా నీకు?" అని అడిగేది. పేరు చెప్పగానే గొడుగు తీసేది. "పా, ఆయమ్మనే అడుగుదాం. మాట దారి తప్పి మనింటికి వచ్చినట్టుంది, వాళ్ళింటి కాడ దిగబెట్టి వద్దాం" అనేది. తప్పిపోయి వచ్చిన మేకపిల్లను ఇంటికి తోలుకుపోయినట్టే ఉండేది ఆ పోవడం. వెనక మాట తెచ్చిన మనిషి బిక్కచచ్చి నడవాల్సిందే. ఆ ఇంట్లో అడిగితే ఇంకో ఇల్లు, అక్కడ అడిగితే ఇంకొకటి. సగం పుకార్లు రెండో ఇంటి దగ్గరే చచ్చిపోయేవి, ఎందుకంటే మూడో ఇంటి పేరు చెప్పడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. మా వీధి ఆడవాళ్ళు జేజిని చూస్తే గబుక్కున మాట మార్చేవాళ్ళు. మా అమ్మకైతే అత్తగారి ఈ తిరుగుడు తలనొప్పిగా ఉండేది. నాకు మాత్రం పండగే. ఆమె వేలు పట్టుకుని నేనూ పోయేదాన్ని.

అప్పటి రోజులు పుకార్లకు మంచి అదను. మద్రాసు నుంచి విడిపోయి కర్నూలు రాజధాని అయిందని సంబరపడి ఎంతో కాలం కాలేదు, అంతలోనే అది హైదరాబాదుకు పోయింది. ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో మా వీధిలో ఎవరికీ తెలియదు. సర్కారు మనిషి వీధిలోకి వచ్చాడంటే పన్నుకో జప్తుకో వచ్చినట్టే అనుకునే జనం. వాళ్ళను నేను తప్పుపట్టను. వాళ్ళకు ఆ సర్కారు చూపించిన ముఖం అదే. అలాంటిది ఉన్నట్టుండి పెన్నలో బ్రిడ్జి పని మొదలైంది. ఎక్కడెక్కడి నుంచో మేస్త్రీలు వచ్చి గుడారాలు వేశారు. ఎన్నికలు దగ్గరపడి గోడల మీద గుర్తులు వెలిశాయి. అదే సమయంలో పులివెందుల వైపు, వేముల దగ్గర పల్లెల్లో అమ్మవారు పోస్తోందని కబురు వచ్చింది. మశూచి అనే మాట పుస్తకాల్లోనే ఉండేది, జనం నోట అమ్మవారే. టీకాలాయన పెట్టె పట్టుకుని వీధి వీధి తిరగడం మొదలుపెట్టాడు.

మా పక్కింటివాళ్ళు దూదేకులవాళ్ళు. మస్తానమ్మ మొగుడు దూది ఏకుతుంటే ఆ వింటి నారి చప్పుడు పొద్దుగూకే దాకా మా గోడలో మోగుతూనే ఉండేది. ఇల్లంతా నూగు. వాళ్ళ కూతురు ఖాసింబీ నా ఈడుది, నా ప్రాణస్నేహితురాలు. దాని జుట్టులో ఎప్పుడూ తెల్లటి పీచు ఉండేది. దానికి ముందు పుట్టిన మగపిల్లవాణ్ణి మస్తానమ్మ అమ్మవారికే పోగొట్టుకుంది. అందుకని టీకాలాయన వస్తే అందరికంటే ముందు బిడ్డను ఎత్తుకొచ్చేది ఆమేనని అనుకున్నాం. ఆ పొద్దు ఆయన వాళ్ళ గడపలో నిలబడి పిలిస్తే, "పిల్ల లేదు, మైదుకూరికి వాళ్ళవ్వ కాడికి పోయింది" అనింది మస్తానమ్మ. ఆమె అలా అంటుండగానే మూలనున్న దూది కుప్ప తుమ్మింది. టీకాలాయన కుప్ప వైపు చూశాడు, మస్తానమ్మ వైపు చూశాడు. పాపం, మంచి మనిషి. మళ్ళీ వస్తానని చెప్పి పోయాడు.

సాయంత్రం జేజి పోయి అడిగింది. మస్తానమ్మ బిడ్డను చంకలో ఇరికించుకుని గొంతు తగ్గించి చెప్పింది. "నీకు తెల్దా పెద్దమ్మా? ఆ టీకా జబ్బుకు కాదంట. గుర్తుకంట. జబ్బ మీద మచ్చ పడిన పిల్లోళ్ళని బ్రిడ్జి కాడికి పట్టకపోయి స్తంభం కింద పూడుస్తాండారంట. అంత పెద్ద ఏరు ఊరికే స్తంభాన్ని నిలబెట్టనిస్తాదా? పెద్దముడియం కాడ ఒక పిల్లోడు పోయినాడంట గూడా. సర్కారోళ్ళు, మేస్త్రీలు, టీకాలాయన, అందరూ ఒకటే."

నేను జబ్బను చేత్తో మూసుకున్నాను. స్వర్ణకూ నాకూ అప్పటికే టీకాలు పడ్డాయి. నా జబ్బ మీద పొక్కు ఇంకా మానలేదు. జేజి నా భుజం మీద చెయ్యి వేసి, మామూలుగా అడిగినట్టే అడిగింది.

"ఎవరు చెప్పినారే నీకు?"

"మజ్జిగ అమ్మే ఎల్లమ్మ."

మరుసటి పొద్దున గొడుగు తీసింది. వేముల దగ్గరున్న అమ్మవారు మా వీధికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు, ఈ లోపల ఆ బిడ్డకు టీకా పడాలి. అదొక్కటే ఆమె పట్టుదల. ఎల్లమ్మ దుత్త దించి, పిల్లవాడు పోయిన మాట మాత్రం తాను కలిపిందేనని కాసేపటికి ఒప్పుకుంది. "ఊరికే చెప్తే ఎవరు నమ్ముతారు పెద్దమ్మా, అందుకని అట్లన్యా" అంది. తక్కిందంతా హోటలు దగ్గర ఓబులేసు చెప్పగా విన్నదట. ఓబులేసు అంటే మా ఇంటికి జొన్నలు దంచడానికి వచ్చే నాగమ్మ మొగుడు. ఎన్నికలప్పుడల్లా ఏదో ఒక కండువా వేసుకుని తిరుగుతూ ఉండేవాడు. ఆ ఏడు ప్రభుత్వంలో లేనివాళ్ళ కండువా.

ఓబులేసు అరుగు మీదనే ఉన్నాడు. జేజిని చూసి లేచి నిలబడ్డాడు. జేజి అంటే వాడికి మర్యాదే. వాడి పిల్లలు వాకిట్లో ఆడుకుంటున్నారు. ఎండకు చొక్కాలు లేవు. ఇద్దరికీ జబ్బ మీద టీకా పొక్కులు చెక్కు కట్టి ఉన్నాయి. జేజి వాటినే చూస్తూ నిలబడింది.

"ఏందప్పా ఓబులేసూ, నీ పిల్లోళ్ళకు ఏయించినావే?"

"మా ఇంటి సంగతి వేరు పెద్దమ్మా" అని నవ్వాడు. "అది రాజకీయం. ఓట్లు అయ్యేదాకా నడిచే మాట. నా పెండ్లాం గూడా భయపడి ఏడిస్తే, ఏం కాదు ఊరకుండమని నేనే చెప్పినా."

"అయితే నీకు తెలుసు అబద్ధమని."

"తెలుసులే. నేను పుట్టించింది గాదు గదా. నాకూ ఒకరు చెప్పినారు."

"ఎవరు?"

వాడు ఇంట్లోకి చూశాడు. నాగమ్మ తలుపు చాటున చీర చెరగు నోట్లో పెట్టుకుని నిలబడి ఉంది. జేజి ఆమెను మెత్తగానే పిలిచింది. "నీకెవరు చెప్పినారే నాగమ్మా? చెప్పు, నేనేమీ అన్లే." నాగమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జేజి మళ్ళీ అడిగింది. అప్పుడు చెప్పింది.

"నువ్వే పెద్దమ్మా."

టీకాలాయన మా ఇంటికి వచ్చిన రోజు సంగతి అది. స్వర్ణ చెయ్యి ఇవ్వకుండా దొర్లి దొర్లి ఏడ్చింది. విసుగెత్తి జేజి, "కదలకుండా ఏయించుకుంటావా లేదా? ఏయించుకోని పిల్లోళ్ళని బ్రిడ్జి మేస్త్రీలు పట్టకపోయి స్తంభం కింద పెడతారంట" అని బెదిరించింది. పిల్లలను బూచాడి పేరు చెప్పి బెదిరించడం ఏ ఇంట్లో లేదు? ఆ పక్క నాగమ్మ రోకలి ఆపి వింది. ఆమె పిల్లలకు అదే పొద్దున బడి దగ్గర టీకాలు పడి ఉన్నాయి. ఇంటికి పోయి ఆలోచించుకుంది. పట్టుకుపోయేవాడికి గుర్తంటూ ఒకటి ఉండాలి కదా, మచ్చ లేకపోవడం గుర్తెట్లా అవుతుంది, మచ్చే గుర్తు. అంటే జ్ఞానమ్మ పెద్దమ్మ అసలు సంగతి దాచి తలకిందులుగా చెప్తోంది. అలా తేల్చుకుని, దడ పుట్టి మొగుడికి చెప్పింది. ఇప్పుడు తలచుకుంటే ఆ తర్కానికి ముచ్చటేస్తుంది. పిచ్చితనం కాదది. బిడ్డలున్న తల్లి భయంతో లెక్క కట్టుకుంటే తేలిన జవాబు.

 ఇంటికి వచ్చేదాకా జేజి గొడుగు కూడా విప్పలేదు, ఎండ మాడుస్తున్నా. నాయన బడి నుంచి రాగానే అంతా చెప్పి, రేపు ఈ ఇళ్ళన్నిటికీ పోయి ఇది నా మాటేనని చెప్పి వస్తానంది. నాయనకు కోపం వచ్చింది. "అమ్మా, నువ్వు చెప్పింది టీకా ఏయించుకోమని. తలకిందులు చేసింది వాళ్ళు. నువ్వెందుకు నెత్తినేసుకుంటావు? రేపు మిషనోళ్ళకు తెలిస్తే మన బతుకేం గావాల?" అన్నాడు. జేజి ఆయన కంచంలో రొట్టె పెడుతూ, "వాళ్ళు చేసింది వాళ్ళు చూసుకుంటారు లేరా. స్తంభం కింద బిడ్డను పెట్టింది మాత్రం నా నోరే" అంది.  నాయన రొట్టె తినకుండా చాలాసేపు తుంచుతూ కూర్చున్నాడు.

మర్నాడు ఆమె నాగమ్మ ఇంటి నుంచి మొదలుపెట్టి, మాట ఏ దారిలో వచ్చిందో ఆ దారినే నడిచింది. హోటలు దగ్గర మగవాళ్ళ మధ్యకు ఆడది పోవడం ఆ రోజుల్లో లేదు. ఆమె పోయింది. గొడుగు మూసి నేలకు ఆనించి, "అప్పా, అందరూ ఇనండి. బ్రిడ్జికి పిల్లోళ్ళని బలిస్తారనే మాట నాది. మనవరాలిని బెదిరించడానికి నేను కల్పించి చెప్పినా. అందులో నిజం ల్యా. అమ్మవారు దగ్గరికొస్తాంది, బిడ్డలకు టీకాలు ఏయించుకోండి" అని గట్టిగా చెప్పింది. ఓబులేసు గబగబా వచ్చి ఆమె చెవి దగ్గర, "పెద్దమ్మా, ఓట్లు అయిపోనీ, తర్వాత నేనే చాటింపేయిస్తా" అన్నాడు. "అంతవరకు అమ్మవారు ఆగుతాదా నాయనా?" అంది జేజి. ఆ మాట అందరికీ వినిపించింది. ఆదివారం ప్రార్థనప్పుడు మా గుడిలోనూ లేచి నిలబడి అదే చెప్పింది. సంఘపెద్దలు తలలు దించుకున్నారు. నేను మాత్రం తల ఎత్తుకునే కూర్చున్నాను. ఆమె మనవరాలినని ఆ పొద్దు అంత గర్వంగా ఉండింది నాకు. ఈ పొద్దుకూ తగ్గలేదు.

ఆమె చెప్పింది, అందరూ నమ్మారు అని రాస్తే నాకే నవ్వొస్తుంది. సాయంత్రానికి హోటలు దగ్గర కొత్త మాట పుట్టింది. మిషను దొరలు ముసలామెకు చీర పెట్టి అలా చెప్పించారట. నిజం కాకపోతే ఇంత దూరం ఎందుకు తిరుగుతుందట. ఆమె నిజం చెప్పడమే వాళ్ళకు సాక్ష్యం అయిపోయింది. వాక్యం వినడానికి చాప పరిచే ఇళ్ళలో కొన్ని ఆమెకు తలుపు తీయలేదు. ఒక పల్లెలో పిల్లలు మట్టిబెడ్డలు విసిరారు. గొడుగుకు తెల్లదారం అతుకు పడింది అప్పుడే. జేజి దాన్ని వాకిట్లో కూర్చుని కుట్టుకుంటూ, "నా మాటకు కాళ్ళొచ్చినాయే, ఇంక ఇంటికి రానంటాంది" అని నాతో అని, నవ్వబోయి నవ్వలేకపోయింది.

ఆ కాలం మనుషులు మంచివాళ్ళు, ఈ కాలం వాళ్ళు చెడ్డవాళ్ళు అని పాట పాడేంత ముసలితనం నాకింకా రాలేదు. ఓబులేసులు ఆనాడూ ఉన్నారు. ఇంట్లో భార్యను ఊరడించి, వీధిలో పక్కింటి భార్యను భయపెట్టే రాజకీయం వాడితో మొదలు కాలేదు, వాడితో పోలేదు. కానీ ఒక తేడా మాత్రం నా మనసును తొలుస్తూ ఉంటుంది. ఇప్పుడు పొద్దున లేస్తే నా ఫోనులో కుట్రలే. ఎవరో ఏదో కలుపుతున్నారు, ఎవరో ఎవరినో లేకుండా చేయబోతున్నారు. పంపినవాడు నా దగ్గర చదువుకున్న పిల్లవాడే అయి ఉంటాడు. ఫోను చేసి, "ఎవరు చెప్పినారురా నీకు?" అని అడుగుతాను. "ఎవరూ చెప్పలేదు మేడం, వచ్చింది" అంటాడు. వచ్చింది. ఎవరి నోటి నుంచీ కాదు, ఏ ఇంటి నుంచీ కాదు. నేను ఏ గడప దగ్గరికి పోవాలి? అంతకంటే బాధ, ఇన్నేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు, చదువుకున్నవాడు గానీ చదువుకోనివాడు గానీ, "అది నా మాట, తప్పు నాది" అని నా గడప తొక్కి చెప్పలేదు. అలా చెప్పిన మనిషిని నేను జీవితంలో ఒక్కరినే చూశాను, ఆమె మా ఇంట్లో రొట్టెలు తట్టేది.

టీకాలాయన మా వీధికి చివరిసారి వచ్చిన రోజు. ఆ పాటికి పక్క వీధిలో ఒక ఇంట్లో అమ్మవారు పోసి, గడపకు వేపమండలు కట్టేశారు. మా వరండాలో కూర్చుని ఆయన పెట్టె సర్దుకుంటున్నాడు. పక్కింట్లో ఏకుతున్న చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. మస్తానమ్మ ఖాసింబీని ఎత్తుకుని గడప దాటి వచ్చింది. ఆ పిల్ల చంకనెత్తుకునే వయసు దాటి ఎన్నాళ్ళో అయింది, అయినా దింపలేదు. సరాసరి జేజి ముందుకు వచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, అందరూ ఒకరి మీద ఒకరు చెప్పినారు. ఎల్లమ్మ ఓబులేసు మీద, ఓబులేసు పెండ్లాం మీద. నువ్వొక్కదానివే నీ మీద చెప్పుకున్యావు. బిడ్డను ఒకసారి పోగొట్టుకున్నదాన్ని. ఎవుర్ని నమ్మాల్నో నాకు తెల్దు. నిన్ను నమ్ముతాండా. నువ్వే ఒళ్ళో పెట్టుకోవాల, ఇంకెవురి చేతికీ ఇయ్యను."

జేజి గోడకు ఆనుకుని కూర్చుని కాళ్ళు చాపింది. ఖాసింబీని ఒళ్ళో పెట్టుకుని చెయ్యి పట్టుకుంది. జుట్టులో దూది పీచు ఉంటే ఒక్కొక్కటే తీసింది. టీకాలాయన పని ముగించేదాకా ఆ పిల్ల కిక్కురుమనలేదు. మస్తానమ్మే ముఖం తిప్పుకుని ఏడ్చింది. అంతా అయ్యాక ఖాసింబీ తన జబ్బ చూసుకుని, జేజి ముఖంలోకి చూసి, అడగకూడనిది అడుగుతున్నట్టు అడిగింది.

"జేజీ, ఇంక నన్ను బ్రిడ్జి కాడికి పట్టకపోతారా?"

ఆ రోజుల్లో పెద్దవాళ్ళు పిల్లలతో తప్పయిందని చెప్పేవాళ్ళు కారు. హోటలు ముందు మగవాళ్ళందరికీ చెప్పినప్పుడు, గుడిలో చెప్పినప్పుడు, తలుపులు మూసిన పల్లెల్లో గట్టిగా పిలిచి చెప్పినప్పుడు మా జేజి గొంతు ఒక్కసారీ తడబడలేదు. ఇప్పుడు నోరు తెరిచి, మాట రాక, మళ్ళీ మూసుకుంది. ఖాసింబీ తల మీద గడ్డం ఆనించి, "లేదు నాయనా, ఎవురూ పట్టకపోరు. అది నేను చెప్పిన అబద్ధం" అంది. ఆ పిల్ల సరేనని తలూపి, ఒళ్ళోంచి దిగి, ఆడుకుందాం రమ్మని నా చెయ్యి పట్టి లాగింది.